యూరే ఐస్ పార్క్‌కి మొదటిసారి వెళ్తున్నారా? ఇలా ప్లాన్ చేసుకోండి

కొలరాడో నైరుతి మూలన, శాన్ హువాన్ పర్వతాల మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు యూరే. జనాభా వెయ్యి లోపే, ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 2,375 మీటర్లు. ఊరి దక్షిణపు కొసన అన్‌కంపాగ్రే నది కోసుకుపోయిన ఇరుకు లోయ ఉంది. చలికాలమంతా ఆ లోయ గోడల నిండా ఐస్ పట్టి ఉంటుంది. దాన్ని ఎక్కడానికి వచ్చేవాళ్ల కోసం ఒక లాభాపేక్ష లేని సంస్థ నడుపుతున్నదే యూరే ఐస్ పార్క్. ఎవరైనా వెళ్లొచ్చు, ప్రవేశానికి టికెట్ లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది చలికాలంలో స్కీయింగ్ దాకా వెళ్తారు. ఐస్ క్లైంబింగ్ అనగానే మాత్రం అది ఎవరెస్ట్ ఎక్కేవాళ్ల పని అనుకుంటారు. అదేం కాదు. మంచి గైడ్, గట్టి బూట్లు, వెచ్చని చేతులు ఉంటే మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి మొదటి రోజే ఒక ఐస్ గోడ ఎక్కి దిగొచ్చు. అయితే ఒక సంగతి ముందే తెలియాలి. ఈ ఆటలో ఎక్కే సమయం తక్కువ, నిలబడే సమయం ఎక్కువ. మీరు పావుగంట ఎక్కితే, ఆ తర్వాత గంటసేపు లోయ అడుగున నీడలో నిలబడి మీ జతగాడి తాడు పట్టుకుంటారు. ప్లాన్ దాన్ని బట్టి వేసుకున్నవాళ్లకి రోజు హాయిగా గడుస్తుంది. వేసుకోనివాళ్లు మధ్యాహ్నానికే హోటల్ దారి పడతారు.

1. ఐస్ ఎలా తయారవుతుందో తెలుసుకుని తేదీ పెట్టుకోండి

ఇక్కడి ఐస్‌లో ఎక్కువ భాగం మనుషులు పెంచిందే. లోయ అంచు వెంట జలవిద్యుత్ కేంద్రానికి నీళ్లు తీసుకెళ్లే పాత పైపు ఉంది. ఆ పైపు కారినచోటల్లా గోడ మీద నీళ్లు గడ్డకట్టేవి, స్థానికులు వాటిని ఎక్కేవారు. 1990ల మొదట్లో బిల్ విట్, గ్యారీ వైల్డ్ అనే ఇద్దరు కావాలనే నీళ్లు వదిలి ఐస్ పెంచడం మొదలుపెట్టారు. 1996లో ప్రసిద్ధ పర్వతారోహకుడు జెఫ్ లో అక్కడ మొదటి ఐస్ ఫెస్టివల్ జరిపాడు. ఇప్పుడు లోయ అంచు పొడవునా పైపులు, వాటికి రెండు వందలకు పైగా షవర్ హెడ్లు ఉన్నాయి. ఐస్ ఫార్మర్లు అని పిలిచే ఉద్యోగులు చలి బాగా ఉన్న రాత్రుల్లో నీళ్లు వదిలి, పొర మీద పొర ఐస్ పెంచుతారు.

నారు పోసిన రైతు వాన కోసం చూసినట్టే వీళ్లు చలి కోసం చూస్తారు. డిసెంబరులో వెచ్చని గాలులు వస్తే పార్క్ తెరవడం ఆలస్యమవుతుంది. మార్చిలో ఎండ ముదిరితే ముందే మూసేస్తారు. మామూలుగా సీజన్ డిసెంబరు రెండో సగం నుంచి మార్చి దాకా నడుస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. క్రిస్మస్ సెలవులకి టికెట్లు తీయాలనుకుంటే, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చేవే తీసుకోండి.

జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులందరికీ ఈ రెండు లాంగ్ వీకెండ్లే గుర్తొస్తాయి. మిగతా అమెరికాకీ అవే గుర్తొస్తాయి కాబట్టి తాడు వేయడానికి చోటు దొరకదు. ఐస్ ఫెస్టివల్ కూడా జనవరిలోనే ఉంటుంది. పోటీలు చూడాలన్నా, కంపెనీలు తెచ్చే కొత్త బూట్లు, ఐస్ టూల్స్ (ఐస్‌లో గుచ్చి ఎక్కే చిన్న గొడ్డళ్లు) వాడి చూడాలన్నా ఫెస్టివల్‌కి వెళ్లండి. అప్పుడు జరిగే శిక్షణ తరగతులు బాగుంటాయి, కానీ సీట్లు నెలల ముందే అయిపోతాయి. ప్రశాంతంగా నేర్చుకోవాలంటే మాత్రం మామూలు వారంలో మంగళ, బుధ, గురువారాలను మించినవి లేవు. రెండు రోజులు సెలవు పెట్టండి, ఆ తేడా అక్కడికెళ్లాక తెలుస్తుంది.

2. గైడ్ కావాలా, వద్దా

మొదటిసారికి కావాలి. ఇందులో బేరం లేదు.

జిమ్‌లో క్లైంబింగ్ చేసే అలవాటున్నవాళ్లు, హైదరాబాద్ దగ్గర భువనగిరి కోట రాయి మీద తాడు పట్టినవాళ్లు ఇక్కడే పొరపడతారు. హార్నెస్ (నడుముకీ తొడలకీ వేసుకునే పట్టీలు) కట్టుకోవడం, బిలే ఇవ్వడం (ఎక్కేవాళ్లు పడకుండా కింద తాడు పట్టుకోవడం) మీకు వచ్చు, నిజమే. కానీ ఈ పార్క్‌లో తాడు పై నుంచి వేయాలి. అంటే, ఐస్ కమ్మిన లోయ అంచు దగ్గరికి వెళ్లి, చెట్టుకో, గొలుసుకో, బోల్టులకో యాంకర్ (తాడుని మోసే ఆధారం) కట్టాలి. యాంకర్లు చాలాచోట్ల అంచుకి దూరంగా ఉంటాయి. అక్కడి నుంచి అంచు దాకా పొడవైన స్టాటిక్ (సాగని) తాడు లాగి, అది రాయికి ఒరుసుకోకుండా చూసి, మీరు జారిపోకుండా మిమ్మల్ని మీరు కట్టుకుని చేయాల్సిన పని ఇది. వీడియో చూసి నేర్చుకునేది కాదు.

పార్క్‌లో డబ్బు తీసుకుని నేర్పడానికి అనుమతి ఉన్న సంస్థలు కొన్నే. పార్క్ వెబ్‌సైట్‌లో వాటి పేర్లుంటాయి, అక్కడి నుంచే బుక్ చేసుకోండి. ఎవరో తెలిసినవాళ్లు తక్కువకి నేర్పుతామన్నారని ఒప్పుకోవద్దు. బుక్ చేసేముందు ఒక్కో గైడ్‌కి ఎంతమందిని ఇస్తారో అడగండి. నలుగురు దాటితే మీ వంతు కోసం కాచుకోవడంలోనే రోజు గడిచిపోతుంది. బూట్లు, క్రాంపన్లు (బూట్ల కింద తగిలించే ఇనుప ముళ్ల చట్రాలు), ఐస్ టూల్స్, హెల్మెట్, హార్నెస్ ఆ ధరలోనే వస్తాయో, అద్దె వేరేనో కనుక్కోండి. గైడ్‌కి టిప్ ఇవ్వడం అక్కడి ఆనవాయితీ, దాన్ని బడ్జెట్‌లో ముందే కలుపుకోండి.

వీలుంటే రెండు రోజులు తీసుకోండి. మొదటి రోజు సగం భయంతోనే పోతుంది. రెండో రోజు కాళ్లు మాట వింటాయి.

ఇన్సూరెన్స్ సంగతి ఇప్పుడే చూసుకోండి. ఇండియా నుంచి వచ్చినవాళ్లకి తీసుకునే విజిటర్ పాలసీల్లో పర్వతారోహణ, తాళ్లతో ఎక్కే ఆటలు తరచూ మినహాయింపుల జాబితాలో ఉంటాయి. చిన్న అక్షరాల్లో ఉన్నా చదవండి.

3. దారి

దగ్గర్లోని పెద్ద విమానాశ్రయం మాంట్రోస్. అక్కడి నుంచి యూరే సుమారు 60 కిలోమీటర్లు, దక్షిణంగా 550 హైవే మీద గంటలోపే. డెన్వర్ నుంచి కారులో వస్తే వాతావరణం బాగుంటే ఆరు గంటలు పట్టొచ్చు, మంచు పడుతుంటే లెక్క చెప్పలేం.

దక్షిణాన ఉన్న డురాంగో వైపు నుంచి రావాలనుకుంటే ఆలోచించండి. సిల్వర్టన్‌కీ యూరేకీ మధ్య 550 హైవేని మిలియన్ డాలర్ హైవే అంటారు. 3,358 మీటర్ల ఎత్తున్న రెడ్ మౌంటెన్ పాస్ మీదుగా వెళ్తుంది, చాలాచోట్ల లోయ వైపు రెయిలింగ్ ఉండదు. హిమపాతాల భయం ఉంటే ఆ రోడ్డు మూసేస్తారు. వేసవిలో ఎంత అందమైన దారో, జనవరిలో కొత్త డ్రైవర్‌కి అంత టెన్షన్. ఉత్తరం నుంచి, మాంట్రోస్ మీదుగానే రండి. అద్దె కారు తీసుకుంటే ఫోర్ వీల్ డ్రైవ్ ఉందా అని మాత్రమే అడిగి ఊరుకోకండి, టైర్లు మంచుకి పనికొచ్చేవేనా చూడండి. కొలరాడోలో చలికాలం టైర్ల మీద చట్టమే ఉంది. బయల్దేరే ముందు రాష్ట్ర రవాణా శాఖవారి కోట్రిప్ సైట్‌లో రోడ్ల పరిస్థితి చూసుకోండి.

సాయంత్రం చేరి, రాత్రి నిద్రపోయి, మర్నాడు ఎక్కేలా పెట్టుకోండి. ఊరు ఎత్తులో ఉంది కాబట్టి సముద్రతీరపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి మొదటి రాత్రి తలనొప్పి, నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే. నీళ్లు బాగా తాగండి, ఆ రాత్రికి మద్యం మానండి. బస ఊళ్లోనే తీసుకుంటే పార్క్‌కి నడిచే వెళ్లొచ్చు, పార్కింగ్ గోల తప్పుతుంది.

4. బట్టలు

ఈ భాగం మాత్రం ఒకటికి రెండుసార్లు చదవండి.

ఒంటికి తగిలే పొర ఊలుదో, పాలిస్టర్‌దో ఉండాలి. కాటన్ బనియన్ వద్దు, జీన్స్ అసలే వద్దు. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, నిలబడగానే ఆ చెమట చల్లబడుతుంది, కాటన్ ఆ తడిని వదలదు. దానిపైన ఒక ఫ్లీస్, ఆపైన గాలీ నీళ్లూ ఆపే జాకెట్. ఆ జాకెట్ టోపీ హెల్మెట్ మీదుగా రావాలి, ఎందుకంటే గోడల మీద నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. వీటన్నిటి మీదా వేసుకోవడానికి లావుపాటి పఫర్ జాకెట్ ఒకటి విడిగా తీసుకెళ్లండి. మీ సైజు కంటే ఒకటి పెద్దదైతే మేలు. ఎక్కి దిగగానే, చలి వేయకముందే అది తొడుక్కోవాలి. చలి వేశాక వేసుకుంటే వెచ్చబడటానికి చాలాసేపు పడుతుంది.

గ్లవ్స్ కనీసం మూడు జతలు. ఎక్కడానికి సన్నవి, ఎందుకంటే లావు గ్లవ్స్‌తో టూల్ పట్టు దొరకదు, బిగించి పట్టుకుని చేతులు తొందరగా అలసిపోతాయి. నిలబడి బిలే ఇవ్వడానికి లావువి. ఇంకో పొడి జత జాకెట్ లోపల, ఒంటి వేడి తగిలేలా. తడిసిన జతని బ్యాగులో పడేస్తే మధ్యాహ్నానికి కర్రలా బిగుసుకుపోతుంది, దాన్నీ జాకెట్ లోపలే పెట్టుకోండి.

సాక్సు ఒక జతే, కాస్త మందంగా. రెండు జతలు వేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటాం. బూటు బిగుతై రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. బూట్లు మామూలు ట్రెకింగ్‌వి పనికిరావు, అడుగు వంగని పర్వతారోహణ బూట్లు కావాలి. ఊళ్లోనే అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. ముందురోజు సాయంత్రమే వెళ్లి, మీ సాక్సుతో తొడిగి, మెట్టు అంచుని వేళ్లవైపు తన్ని చూడండి. బొటనవేలు ముందుకి కొట్టుకుంటే ఇంకో సైజు అడగండి. ఆ ఒక్క పని చేయక గోరు నల్లబడి వెనక్కి వచ్చినవాళ్లు చాలామంది.

చున్నీలు, వదులు మఫ్లర్లు వద్దు, బిలే పరికరంలో చిక్కుకుంటాయి. జుట్టు పొడవుంటే జడ వేసి జాకెట్ లోపలికి తోసేయండి. ఉంగరాలు, గాజులు హోటల్లోనే తీసిపెట్టండి. మెడలో గొలుసు ఉంటే లోపలి పొర కిందకి వెళ్లాలి. కళ్లద్దాలు తప్పనిసరి, టూల్ దెబ్బకి ఐస్ ముక్కలు సూటిగా ముఖం మీదికే వస్తాయి.

తిండి విషయంలో మనకో వసతి ఉంది. వెడల్పు మూతి ఫ్లాస్కులో వేడి పప్పన్నమో, సాంబారన్నమో పోసుకెళ్తే లోయ అడుగున అంతకంటే కావలసిందేముంది! చాక్లెట్ బార్లు చలికి రాయిలా అవుతాయి. ఖర్జూరాలు, వేరుశనగపప్పు లోపలి జేబులో పెట్టుకుని గంటకోసారి నోట్లో వేసుకోండి. తీపి టీ ఇంకో ఫ్లాస్కులో. దాహం వేయట్లేదని నీళ్లు మానొద్దు.

5. ఆ రోజు పొద్దున

లేవగానే పార్క్ వెబ్‌సైట్ చూడండి. ఏ భాగాలు తెరిచారు, ఎక్కడ నీళ్లు వదులుతున్నారు, ఎన్నింటికి మూస్తారు అన్నది రోజూ మారుతుంది. మూసిన భాగంలోకి మనుషులు కనిపించట్లేదు కదా అని దిగొద్దు. అక్కడ ఐస్ ఇంకా అతకలేదనో, వదులై ఊడిపడుతుందనో మూస్తారు.

పార్క్‌లో నూట యాభైకి పైగా రూట్లున్నాయి. స్కూల్‌రూమ్, సౌత్ పార్క్ అనే భాగాల్లో కొత్తవాళ్లకి వీలైనవి దొరుకుతాయి. గైడ్లు కూడా ఎక్కువగా వాటికే తీసుకెళ్తారు. ఐస్ కష్టాన్ని డబ్ల్యూఐ (వాటర్ ఐస్) అంకెలతో చెప్తారు. 2 అంటే బాగా వాలుగా ఉండేది, 3లో నిటారు ముక్కలు అక్కడక్కడా వస్తాయి, 5 దాదాపు నిలువు స్తంభం. మొదటి రోజుకి 2, 3 చాలు. లీడ్ ఓన్లీ అని ఒక భాగం ఉంది, అక్కడ పై నుంచి తాడు వేయకూడదు, కింది నుంచి తాడు వెంట తీసుకెళ్తూ ఎక్కాలి, అది మీది కాదు.

లోయలోకి దిగేముందే హెల్మెట్, క్రాంపన్లు వేసుకోవాలి, పార్క్ నియమం. క్రాంపన్లతో నడిచేటప్పుడు కాళ్లు ఎడంగా వేయండి, లేకపోతే ఒక కాలి ముళ్లు రెండో కాలి ప్యాంటుకి తగులుకుంటాయి. తాడు మీద కాలు పడకూడదు, ఎవరి తాడైనా సరే. అడుగున నది పారుతూనే ఉంటుంది, దాని మీది ఐస్ పలచన. గైడ్ చూపిన చోటే నడవండి.

నీళ్ల హోరులో మాట వినబడదు. ఎక్కడానికి ముందే బిలే ఇచ్చే మనిషితో సంజ్ఞలు మాట్లాడుకోండి. తాడు గుంజి పట్టడానికి ఏది, దించడానికి ఏది అన్నవి రెండే చాలు.

6. గోడ మీద

మొదట అందరూ చేసేది చేతులతో లాక్కోవడం. ఐస్ ఎక్కేది కాళ్లతో. పాదం నేలకి సమాంతరంగా ఉంచి, మోకాలి నుంచి కాలు ఊపి ముందుముళ్లు గుచ్చండి. మడమ పైకి లేస్తే ముళ్లు జారతాయి, కొంచెం కిందికే ఉంచండి. రెండు పాదాలూ ఒకే ఎత్తులో, భుజాలంత ఎడంగా పెట్టి, ఆ తర్వాతే పైకి చూడండి.

టూల్ కొట్టేటప్పుడు మోచేయి ముందుకి, చివర్లో మణికట్టు విదిలింపు. బలం కంటే గురి ముఖ్యం. ఉబ్బుగా ఉన్నచోట కొడితే ఐస్ పళ్లెంలా పగిలి ఊడుతుంది, గుంటలా ఉన్నచోట కొట్టండి. ముందు వచ్చినవాళ్ల దెబ్బలకి పడిన గుంటలు ఈ పార్క్‌లో బోలెడు, వాటిలో టూల్ ఊరికే తగిలించినా నిలుస్తుంది. బాగా దిగితే శబ్దం మందంగా వస్తుంది, బోలు శబ్దం వస్తే ఇంకోచోట చూడండి. ఒక టూల్ పైన గుచ్చి, దాని మీద చేయి నిటారుగా చాపి వేలాడుతూ, రెండు కాళ్లూ పైకి జరుపుకుని, అప్పుడు లేచి రెండో టూల్ కొట్టాలి. చేయి వంచి పట్టుకుంటే మూడు నిమిషాల్లో ముంజేయి రాయవుతుంది.

వేళ్లు మొద్దుబారితే ఆగి, చేయి కిందికి వేలాడదీసి విదిలించండి. చేతులు చాలాసేపు తలపైన ఉండటంతో రక్తం తగ్గి, దిగాక ఒక్కసారిగా తిరిగి వస్తుంది. ఆ నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి, కడుపులో వికారం కూడా రావచ్చు. కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది, భయపడొద్దు. పట్టు సడలించి ఎక్కడమే దానికి మందు. ఐతే వేలి చర్మం తెల్లగా, మైనంలా మారి స్పర్శ తిరిగి రాకపోతే అది వేరే సంగతి, వెంటనే గైడ్‌కి చెప్పండి.

7. ప్రమాదం పైనుంచే

టాప్ రోప్ మీద, అంటే పై నుంచి వేసిన తాడు మీద ఎక్కుతూ జారితే తాడు ఆపుతుంది. ఇక్కడ దెబ్బలు తగిలేది ఎక్కువగా పైనుంచి పడే ఐస్ ముక్కలకి. కొబ్బరికాయంత ముక్క ముప్పై మీటర్ల నుంచి పడితే హెల్మెట్ ఒక్కటే కాపాడలేదు. అందుకే ఎక్కేవాడికి సూటిగా కింద ఎప్పుడూ నిలబడకండి, పక్కకి జరిగి, వీలైతే గోడ చాటున ఉండండి. ఎవరైనా ‘ఐస్!’ అని అరిస్తే పైకి చూడొద్దు, తల వంచి భుజాలు ముడుచుకోండి. మీ దెబ్బకి ముక్క ఊడితే మీరూ అదే అరవండి. భోజనానికి కూర్చునేది, బ్యాగులు పెట్టేది, ఫోటోలు తీసుకునేది ముక్కలు పడే చోటుకి అవతలే.

పక్కవాళ్ల గురించి కూడా ఒక మాట. తాడు వేసి వదిలేసి టీకి వెళ్లడం, నలుగురు కలిసి మూడు రూట్లు రోజంతా ఆక్రమించడం అక్కడ ఎవరికీ నచ్చదు. అడిగితే చాలామంది తమ తాడు మీదే మిమ్మల్ని ఒకసారి ఎక్కనిస్తారు. మీరూ అలాగే ఇవ్వండి. షవర్ పైపులకి దేన్నీ కట్టకండి, వాటిమీద కాలు వేయకండి.

8. ఎక్కనివాళ్లు, పిల్లలు, పెద్దవాళ్లు

అమ్మానాన్నలు వెంట ఉంటే వాళ్లని హోటల్లో కూర్చోబెట్టక్కర్లేదు. లోయ అంచు వెంట దారి, పైన వంతెన ఉన్నాయి, అక్కడి నుంచి ఎక్కేవాళ్లు బాగా కనిపిస్తారు. బూట్ల కింద తగిలించుకునే చిన్న ముళ్ల గొలుసులు వాళ్లకి తప్పకుండా కొనివ్వండి, దారి గాజులా ఉంటుంది. రెయిలింగ్ లేని అంచు దగ్గరికి వెళ్లనివ్వొద్దు. పిల్లల కోసం వేరే చిన్న గోడ ఉంది. పిల్లలకి చలి మనకంటే ముందే తగులుతుంది, గంటన్నర దాటించకండి.

ఊరి ఉత్తరపు కొసన వేడినీటి బుగ్గల కొలను ఉంది, గంధకం వాసన రాదు. ఎక్కిన రోజు సాయంత్రం అందులో దిగితే భుజాలు సర్దుకుంటాయి. ఇది అందరికీ కలిపి ప్లాన్‌లో రాసేయండి, ఈత బట్టలు మర్చిపోకుండా.

9. తిరుగు ప్రయాణం ముందు

అద్దె బూట్లు, టూల్స్ ముందురోజు సాయంత్రమే ఇచ్చేయండి. సొంత తాడు, హార్నెస్ ఉంటే గదిలో విప్పి ఆరబెట్టండి. తడి తాడు కారు డిక్కీలో ముడుచుకుని రెండు రోజులు ఉంటే పాడవుతుంది. క్రాంపన్ల ముళ్లు తుడవండి, తుప్పు పడుతుంది.

పార్క్‌కి సభ్యత్వ రుసుము కట్టండి, లేదా విరాళం ఇవ్వండి. టికెట్ లేదు కాబట్టి నీళ్లకీ, పైపులకీ, రాత్రుళ్లు పనిచేసే మనుషులకీ డబ్బు సభ్యుల నుంచీ, దాతల నుంచీ, ఫెస్టివల్ నుంచే రావాలి. స్కీ రిసార్ట్‌లో ఒక్క రోజు టికెట్‌కి మనం ఎంత పెడతామో తలుచుకుంటే ఇది ఇవ్వడానికి చేయి వెనక్కి పోదు.

మాంట్రోస్ వైపు బయల్దేరేవాళ్లు పొద్దు వాలకముందే రోడ్డెక్కండి. యూరే, రిడ్జ్‌వే దాటాక సందెవేళ జింకలు హైవే మీదికి వస్తాయి, నీడపడిన మలుపుల్లో రోడ్డు మీద కనిపించని ఐస్ ఉంటుంది. మర్నాడు పొద్దున్నే విమానం అయితే ఆ రాత్రికి గది మాంట్రోస్‌లోనే తీసుకోండి.